నాలుగో స్తంభం

ఒక కొయ్య కట్టడం పేరు మహానగరానికి పేరుగా మారడం లోకంలో అరుదు. నేపాల్ రాజధాని ఖాట్మండు అటువంటి నగరం. నగరం నడిబొడ్డున, పాత రాజప్రాసాదానికి చేరువలో, ‘మరూ’ అనే కూడలిలో ఒక సత్రం ఉంది. పూర్వం టిబెట్టుకూ గంగా మైదానానికీ మధ్య సరుకులు మోసుకుపోయే వర్తకులు, యాత్రికులు, సాధువులు అక్కడ తలదాచుకునేవారు. దాని పేరు కాష్ఠమండపం. సంస్కృత పదాలతో పరిచయమున్న మన పాఠకులకు ఆ పేరుకు అర్థం చెప్పనక్కరలేదు. ఆ పేరే జనుల నోళ్ళలో నాని, అరిగి, చివరికి ఖాట్మండు అయింది. శివరాత్రికి పశుపతినాథుని దర్శనానికి వెళ్ళే తెలుగువారు ఏటా ఎందరో ఉన్నారు. తాము ఒక కొయ్య మండపం పేరుగల ఊరికి వెళ్ళివచ్చామన్న సంగతి వారిలో ఎందరికి తెలుసునో చెప్పలేము.

ఆ మండపం మొత్తం ఒకే ఒక చెట్టు కలపతో నిర్మితమైనదని స్థానికుల నమ్మకం. రథయాత్ర చూడడానికి మానవరూపంలో వచ్చిన కల్పవృక్షాన్ని ఒక సిద్ధుడు గుర్తించి, మంత్రబలంతో కట్టిపడేసి, విడిచిపెట్టాలంటే కట్టడానికి చాలినంత కలప ఇమ్మని అడిగాడని కథ. కథను అలా ఉంచితే, 12వ శతాబ్దపు చేతివ్రాత ప్రతి ఒకదానిలో కాష్ఠమండపం ప్రస్తావన ఉంది. కనుక అది ఆనాటిదేనని పండితులు చాలాకాలం భావిస్తూ వచ్చారు. 1833లో వచ్చిన పెద్ద భూకంపానికి అది తట్టుకుంది. 1934 జనవరి 15న బీహార్‌నూ నేపాల్‌నూ కుదిపివేసి వేలాది ప్రాణాలను బలిగొన్న మహాభూకంపానికీ తట్టుకుంది.

2015 ఏప్రిల్ 25, శనివారం మధ్యాహ్నానికి నాలుగు నిమిషాల ముందు 7.8 తీవ్రతతో భూమి మళ్ళీ కంపించింది. ఆ రోజున కాష్ఠమండపంలో రక్తదాన శిబిరం జరుగుతోంది. పరుల ప్రాణం నిలపడానికి వచ్చినవారి మీదనే ఆ కట్టడం కుప్పకూలింది. కొందరు అక్కడికక్కడే మరణించారు. శతాబ్దాల పాటు బాటసారులకు నీడనిచ్చిన మూడంతస్తుల చావడి క్షణాలలో ఇటుకల గుట్టగా, విరిగిన దూలాల రాశిగా మిగిలింది.

రెండు మహాభూకంపాలను తట్టుకున్న కట్టడం మూడోసారి ఎందుకు కూలింది? కొయ్యకు వయసు మీరిందని అనుకోవచ్చు. ఆ తరువాత జరిగిన తవ్వకాలలో బయటపడిన విషయం అంతకంటె ఆలోచింపజేసేది. దానిని తెలుసుకునే ముందు, కొయ్యతో కట్టడం ఎలా నిలుస్తుందో కొంత చూడాలి.

కొయ్య చట్రం – దాని మర్మం

మన నేటి ఇళ్ళలో చాలావాటిని సిమెంటు, ఇనుప చువ్వలు కలిపి పోతపోస్తారు. స్తంభమూ దూలమూ ఒకే ముద్దగా గడ్డకడతాయి. కొయ్య చట్రం అందుకు భిన్నం. ఇందులో ప్రతి అంగమూ విడిగా తయారై వస్తుంది. స్తంభం వేరు, దాని తలపై అడ్డంగా కూర్చునే బోదె వేరు, బోదెపై పరుచుకునే దూలం వేరు, దూలంపై వరుసగా వచ్చే అడ్డకర్రలు వేరు. కప్పు బరువు వాసాల మీదుగా దూలానికీ, దూలం నుంచి బోదెకూ, బోదె నుంచి స్తంభానికీ, స్తంభం నుంచి పీఠశిలకూ చేరి, చివరికి నేలలోకి దిగుతుంది. ఈ దారిలో ఎక్కడ ఒక అతుకు తప్పినా బరువు దారి మళ్ళి, మోయవలసిన అవసరం లేని అంగం మీద పడుతుంది.

ఖాట్మండు లోయలో ఈ విద్యను పెంచి పోషించినవారు నేవారులు. అక్కడ వడ్రంగిని ‘సికర్మి’ అనీ, తాపీ పనివానిని ‘డకర్మి’ అనీ పిలుస్తారు. ఈ ఇద్దరి చేతులూ కలిస్తేనే నేవారీ కట్టడం లేస్తుంది. గోడలు మట్టి అడుసుతో పేర్చిన ఇటుకలవి. వాటి నడుమ, వాటి పైన, వాటిని బంధిస్తూ సాగేది కొయ్య చట్రం. కిటికీలకూ తలుపులకూ లోపల ఒకటి, వెలుపల ఒకటిగా జంట చట్రాలు అమర్చి, వాటిని గోడ మందంలో అడ్డకర్రలతో కలుపుతారు. కప్పు గోడను దాటి చాలా దూరం ముందుకు వస్తుంది. ఆ చూరును ఏటవాలుగా నిలిచిన ఊతకర్రలు మోస్తాయి. దేవతామూర్తులు చెక్కిన ఈ ఊతకర్రలకే ‘తుండాల్’ అని పేరు. యాత్రికులు వాటి శిల్పాన్ని చూసి మురిసిపోతారు. కట్టడానికి మాత్రం అవి మొదట ఊతం, ఆ తరువాతనే అలంకారం. చూరు అంత ముందుకు రాకపోతే వర్షాకాలంలో మట్టి అడుసు గోడలు కరిగి నానిపోతాయి.

స్తంభాలకూ, దూలాలకూ, తుండాళ్ళకూ వారు ఎక్కువగా వాడే కలప సాలవృక్షానిది. మనం గుగ్గిలం చెట్టు అనేది దీనినే. హిమాలయ పాదాల వద్ద దట్టంగా పెరిగే ఈ చెట్టు మధ్య భారతం మీదుగా మన ఉత్తరాంధ్ర కొండల దాకా విస్తరించి ఉంది. దీని చేవ గట్టిది, బరువైనది, చెదకు సులభంగా లొంగనిది. అయితే ఎంత చేవగల కొయ్యకైనా ఒక శత్రువు ఉంది. అది తేమ. స్తంభం మొదలు నేలను తాకితే అడుగు నుంచి తడి పైకి పాకుతుంది. అందుకే స్తంభాన్ని మట్టిలో పాతక, రాతి పీఠం మీద నిలబెడతారు. ఆ పీఠానికి నడుమ ఒక గుంట తొలుస్తారు. స్తంభం అడుగున అందుకు సరిపడే మొన చెక్కుతారు. మొన గుంటలో కూర్చుంటుంది. అంతటి మహాస్తంభానికీ నేలతో ఉండే బంధం అదొక్కటే.

నాలుకా బెజ్జమూ

కొయ్య చివర సన్నగా చెక్కి మిగిల్చిన ఈ మొనను మన వడ్రంగులు కుసి అంటారు. దానికి సరిగ్గా ఎదురుగా రెండో కొయ్యలో తొలిచేది బెజ్జం. కుసి బెజ్జంలో దూరిన తరువాత రెండింటినీ కలిపి అడ్డంగా ఒక రంధ్రం చేసి, అందులో కర్ర మేకు దిగగొడతారు. ఇదేమీ మనకు కొత్త విద్య కాదు. మన పల్లెలలో పాత మండువా ఇళ్ళ ద్వారబంధాలను దగ్గరగా చూస్తే, నిలువు కమ్మీ అడ్డకమ్మీ కలిసే మూలలో చిన్న కర్ర మేకు తల కనిపిస్తుంది. మన తాతల నాటి గుమ్మంలో పనిచేస్తున్న సూత్రమే కాష్ఠమండపంలో పెద్ద ఎత్తున పనిచేసింది.

ఇనుప మేకులు ఉండగా కర్ర మేకు ఎందుకు అని సందేహం కలగవచ్చు. కొయ్య సజీవ పదార్థం వంటిది. వానాకాలంలో తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, వేసవిలో ఎండి కుంచించుకుంటుంది. కర్ర మేకు కూడా తాను దిగిన కొయ్యతో పాటే ఉబ్బి, దానితో పాటే కుంచించుకుంటుంది. ఇనుము అలా చేయదు. పైగా తేమ తగిలినచోట తుప్పు పట్టి, చుట్టూ ఉన్న కొయ్య నారను కూడా పాడుచేస్తుంది. కొంత కాలానికి మేకు వదులై, అది నిలిచిన రంధ్రం పెద్దదవుతుంది.

కర్ర కీలుకు ఇంకొక సుగుణం ఉంది. భూకంపం వచ్చినప్పుడు అది కొద్దిగా కదులుతుంది. బిగుతుగా పోతపోసిన కట్టడం కదలికను భరించలేక ఒక హద్దు దాటగానే పగులుతుంది. కొయ్య చట్రంలో వందలాది కీళ్ళు ఉంటాయి. భూమి ఊగినప్పుడు ప్రతి కీలూ ఒకింత ఒరుసుకుని, ఒకింత తిరిగి, మళ్ళీ తన చోటికి వస్తుంది. ఆ ఒరిపిడిలో భూకంప శక్తిలో కొంత భాగం ఖర్చయిపోతుంది. ఒక్క కీలు తీసుకునేది స్వల్పమే అయినా, వందల కీళ్ళు కలిసి తీసుకునేది స్వల్పం కాదు. నేవారీ సికర్మి దీనిని గణితంతో తేల్చలేదు. తరతరాలుగా భూమి కంపించే లోయలో నివసిస్తూ, ఏది నిలిచిందో ఏది కూలిందో చూసి నేర్చుకున్నాడు.

మూడో గుణం అన్నిటికంటె ముఖ్యమైనది. కర్ర మేకుతో బిగించిన చట్రాన్ని విప్పవచ్చు. మేకును వెనుక నుంచి కొట్టి తీసి, కుసిని బెజ్జం నుంచి లాగి, పుచ్చిపోయిన ఒక్క అంగాన్ని మార్చి, తక్కిన చట్రాన్ని యథాతథంగా తిరిగి అమర్చవచ్చు. మొదటి సికర్మి కట్టేనాడే, తన తరువాత వచ్చే సికర్మి ఎలా విప్పుతాడో తలచుకుని కట్టాడన్నమాట. అంటే ఈ విద్యలో మరమ్మతు కట్టడం నుంచి విడదీయరానిది. మరమ్మతు చేసే చేయి ఉంటుందన్న భరోసా మీదనే ఆ కట్టడం లేచింది.

ఐదంతస్తుల సాక్షి

ఈ భరోసా నిలిచినచోట ఫలితం ఎలా ఉంటుందో చూడాలంటే భక్తపూర్ పట్టణానికి వెళ్ళాలి. అక్కడ న్యాతపోల అనే ఐదంతస్తుల ఆలయం ఉంది. భూపతీంద్ర మల్లుడనే రాజు 1702లో కట్టించాడు. ఎత్తు సుమారు 30 మీటర్లు. ఐదు మెట్ల వేదికపై నిలిచిన ఈ ఆలయానికి ఎక్కే దారిలో ఇరువైపులా అడుగున మల్లయోధులు, వారిపైన ఏనుగులు, వాటిపైన సింహాలు, ఆపైన శార్దూలాలు, అన్నిటికీ పైన దేవతామూర్తులు కాపలా ఉంటాయి. కింది జంట కంటె పై జంటకు పదింతల బలమని అక్కడివారు చెప్పుకుంటారు.

1934లో న్యాతపోల పైకప్పు దెబ్బతిన్నది, కట్టడం నిలిచింది. 2015లోనూ పై అంతస్తులో కొంత నష్టం కలిగినా కట్టడం నిలిచింది. అదే రోజున ఖాట్మండులోని ధరహరా అనే ఎత్తైన ఇటుక స్తూపం మొదలు దగ్గరే విరిగి కూలి, ఎందరినో బలిగొన్నది. అది 1934లోనూ కూలి, తిరిగి నిర్మితమైనదే. న్యాతపోల నిలవడానికి విశాలమైన మెట్ల వేదిక, పైకి పోయినకొద్దీ తగ్గే అంతస్తులు, మందమైన గోడలు, వాటిని చుట్టిన కొయ్య బంధాలు కలిసి తోడ్పడ్డాయి. ఒక్కొక్క భూకంపం స్వభావం ఒక్కొక్క తీరుగా ఉంటుంది కనుక, ఒకసారి నిలిచింది ఎప్పటికీ నిలుస్తుందని చెప్పడానికి వీలులేదు. అయితే కొయ్యా ఇటుకా కలిపి కట్టిన ఎత్తైన కట్టడం, సరైన స్థితిలో ఉంటే మూడు శతాబ్దాలు నిలవగలదనడానికి న్యాతపోల ప్రత్యక్ష సాక్ష్యం.

మరి కాష్ఠమండపం?

నేల కింద దొరికిన జవాబు

శిథిలాలు తొలగించిన తరువాత నేపాల్ పురావస్తు శాఖ, బ్రిటన్‌లోని డర్హం విశ్వవిద్యాలయ పురావస్తు శాస్త్రజ్ఞులతో కలిసి, యునెస్కో సహకారంతో కాష్ఠమండపం పునాదులను తవ్వి పరిశీలించింది. పునాదులు బలహీనంగా ఉండబట్టే కట్టడం కూలిందని చాలామంది అనుకున్నారు. తవ్వకాలు అందుకు విరుద్ధమైన సంగతిని చూపాయి. ఇటుకలతో లోతుగా కట్టిన పునాది గోడలు చెక్కుచెదరలేదు. లోపల అడ్డగోడలు పునాదిని తొమ్మిది గదులుగా విభజిస్తూ మండలాకారంలో ఉన్నాయి. పునాదిలో నిక్షిప్తం చేసిన బంగారు రేకు మండలాలు దొరికాయి. అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది కాలనిర్ణయం. శాస్త్రీయ పరీక్షలలో ఆ పునాదులు 7వ శతాబ్దానివని తేలింది. అందరూ అనుకున్న దానికంటె కట్టడపు వయసు దాదాపు ఐదు వందల ఏళ్ళు పెరిగింది.

పునాది మంచిదే అయితే లోపం ఎక్కడ?

కాష్ఠమండపం నడుమ నాలుగు మహాస్తంభాలు ఉండేవి. పై అంతస్తుల బరువులో ప్రధాన భాగం వాటిదే. నాలుగింటికీ నాలుగు పీఠశిలలు ఉండాలి. స్తంభాల కుసులు వాటి గుంటలలో కూర్చోవాలి. తవ్వకంలో తేలిన దేమంటే, వాటిలో ఒక స్తంభం తన పీఠశిలతో కలిసి లేదు. ఆ రాయి తన చోట తాను భద్రంగానే ఉంది. కాని తరువాతి కాలపు మరమ్మతులలో పరిచిన నేల దానిని కప్పివేసింది. స్తంభం రాతి గుంటలో కుదురుకోకుండా, పైన పరిచిన నేలమీదనే నిలిచింది. 1960 దశకంలో జరిగిన పునరుద్ధరణ నాటి నుంచి ఈ స్థితి కొనసాగిందని పరిశోధకుల అభిప్రాయం. పైనుంచి చూసేవారికి నాలుగు స్తంభాలూ ఒకే తీరుగా కనిపించేవి. నేల నున్నగా, శుభ్రంగా ఉండేది. నాలుగో స్తంభానికి కాలు లేదన్న సంగతి దాదాపు అర్ధశతాబ్దం పాటు ఎవరికీ తెలియలేదు.

కూలిపోవడానికి ఆ ఒక్క లోపమే కారణమని తీర్పు చెప్పడం తొందరపాటవుతుంది. బరువైన కప్పు, వానకు నానిన అతుకులు, కాలక్రమంలో చేరిన చిన్న చిన్న మార్పులు అన్నీ కలిసి ఉండవచ్చు. అయినా బరువు నేలకు దిగే నాలుగు దారులలో ఒకటి తెగి ఉన్నదన్నది వాస్తవం. మామూలు రోజులలో స్తంభం పైనుంచి వచ్చే బరువుతో తన చోటనే నిలుస్తుంది. నేల పక్కకు జరిగిన రోజున దానిని పట్టి ఉంచవలసింది ఆ కుసి, ఆ గుంట. అవసరమైన క్షణంలో అది అక్కడ లేదు.

1833లోనూ 1934లోనూ నిలిచిన కట్టడానికీ, 2015లో కూలిన కట్టడానికీ పేరు ఒకటే. కొయ్య చట్రం మాత్రం ఒకటి కాదు.

గుథి: చూసుకునే చేయి

ఇంత కాలం చూసుకున్నవారు ఎవరు? నేవారీ సమాజంలో ‘గుథి’ అనే వ్యవస్థ ఉంది. ఒక ఆలయానికో, సత్రానికో, బావికో, ఉత్సవానికో కొంత భూమిని దానం చేసి, దాని ఆదాయంతో నిర్వహణ బాధ్యతను ఒక కుటుంబాల బృందానికి అప్పగిస్తారు. ఆ బాధ్యత తండ్రి నుంచి కొడుకుకు సంక్రమిస్తుంది. ఏటా నిర్ణీత దినాన కప్పు ఎక్కి మొలిచిన మొక్కలను పీకడం, జారిన పెంకులను సర్దడం, కారుతున్న చోటును పట్టుకోవడం, ఆ తరువాత అందరూ కలిసి విందు చేసుకోవడం గుథి విధులు. మన ఊళ్ళలో దేవాలయ మాన్యాలు, చెరువు మరమ్మతు మాన్యాలు ఎలా పనిచేసేవో, గుథి భూములు అక్కడ అలా పనిచేసేవి.

కొయ్య కట్టడానికి ఇది ప్రాణవాయువు. కప్పులో ఒక పెంకు జారితే వాన చుక్క వాసం మీద పడుతుంది. వాసం తడిసి దూలాన్ని తడుపుతుంది. దూలం చివర గోడలో ఉన్న కుసి అందరికంటె ముందు పుచ్చుతుంది. ఎందుకంటే గాలి ఆడని చోట తేమ నిలుస్తుంది. ఆ పుచ్చు కంటికి కనబడేసరికి ఏళ్ళు గడుస్తాయి. మొదటి రోజున ఒక పెంకుతో పోయే పని చివరికి దూలం మార్చవలసిన పనిగా పరిణమిస్తుంది.

1964లో నేపాల్ ప్రభుత్వం గుథి సంస్థాన్‌ను ఏర్పరచి, అనేక గుథి భూములను దాని యాజమాన్యం కిందికి తెచ్చింది. క్రమబద్ధమైన నిర్వహణే దాని ఉద్దేశం. కాని భూమి ఆదాయం దూరమయ్యాక చాలా గుథిలు బలహీనపడ్డాయి. కప్పు ఎక్కే రోజు పంచాంగంలో మిగిలినా, ఎక్కేవారు తగ్గారు. 2019లో గుథిలకు సంబంధించిన కొత్త బిల్లు వచ్చినప్పుడు వేలాది మంది ఖాట్మండు వీధులలోకి వచ్చి నిరసన తెలిపారు. ప్రభుత్వం ఆ బిల్లును ఉపసంహరించుకుంది. భూమి హక్కులతో పాటు, తమ పండుగలనూ గుడులనూ చూసుకునే అధికారం ఎవరిదన్నది నాటి వివాదంలోని ప్రధానాంశం.

మళ్ళీ లేచిన మండపం

కూలిన కాష్ఠమండపాన్ని ఎలా కట్టాలన్న విషయంలోనూ పెద్ద చర్చే జరిగింది. ఉక్కు, సిమెంటు వంటి ఆధునిక సామగ్రిని చేర్చి కడితే భద్రత పెరుగుతుందని కొందరు వాదించారు. వారి వాదనకు ఆధారం లేకపోలేదు. 1934లో నేలమట్టమైన భక్తపూర్ చ్యాసిలిన్ మండపాన్ని 1990 నాటికి జర్మనీ సహాయంతో పునర్నిర్మించినప్పుడు, పాత కొయ్య భాగాలతో పాటు లోపల ఉక్కు చట్రాన్ని కూడా అమర్చారు. 2015లో ఆ మండపం నిలిచింది.

కాష్ఠమండపం విషయంలో మాత్రం స్థానిక పౌరులు ఉద్యమించి, పూర్వపు పద్ధతిలోనే, పూర్వపు సామగ్రితోనే కట్టాలని పట్టుబట్టారు. వారి వాదన కూడా ఆలోచింపదగినదే. ఉక్కును దాచిపెడితే రేపటి సికర్మికి దానిని విప్పడం రాదు. అది తుప్పు పడితే చూడడానికి వీలులేదు. పైగా కూలింది కొయ్య విద్య చేతకాక కాదు, దానిని పాటించనందువల్ల. ఉక్కు పక్షానా కొయ్య పక్షానా ఉన్నవారు ఇరువురూ కోరింది ప్రాణభద్రతే. కాని ఈ కట్టడానికి సంబంధించినంత వరకు తవ్వకంలో దొరికిన నిజం రెండో వాదనకే బలం చేకూర్చింది.

పని 2018లో మొదలైంది. పాత పునాదుల మీదనే కట్టాలన్న నిర్ణయం జరిగింది. నాలుగు మహాస్తంభాలకు సరిపడే సాల మ్రాకులను వెదకి తెచ్చారు. సికర్మిలు బాడిసతో చెక్కి, ఉలితో బెజ్జాలు తొలిచి, ఒక్కొక్క అంగాన్నీ నేలమీద కూర్చి చూసుకుని, తరువాత పైకి ఎక్కించారు. స్తంభాలను నిలిపే రోజున పూజలు జరిగాయి, తాళ్ళు లాగడానికి ఊరివారు చేయి కలిపారు. ఈసారి నాలుగు స్తంభాలూ నాలుగు పీఠశిలల మీద కూర్చున్నాయి. 2022లో నిర్మాణం పూర్తయి, కాష్ఠమండపం మళ్ళీ ప్రజల చావడి అయింది.

ఈ లోయలో ఇటువంటి పని ఇదొక్కటే కాదు. పాటన్ పట్టణంలో 16వ శతాబ్దానికి చెందిన చార్ నారాయణ ఆలయం, 18వ శతాబ్దానికి చెందిన హరిశంకర ఆలయం అదే రోజున కూలాయి. శిథిలాలలోని చెక్కడపు కొయ్యలను స్థానికులు, పోలీసులు, సైనికులు కలిసి ఏరి, పక్కనే ఉన్న ప్రాసాద ప్రాంగణానికి చేర్చి భద్రపరిచారు. వడ్రంగులు ఒక్కొక్క ముక్కనూ పరీక్షించి, విరిగినచోట కొత్త కొయ్యను అతికి, పుచ్చినంత మేరకే తొలగించి, తిరిగి వాడగలిగిన ప్రతిదానినీ వాడారు. పాత తుండాల్ మీద శిల్పి చేతి ఉలిగాట్లు అలాగే ఉన్నాయి. పక్కనే అతికిన కొత్త ముక్క రంగు వేరుగా కనిపిస్తుంది. ఏది ఎప్పటిదో తరువాతివారికి తెలియాలన్నదే అందులోని ఉద్దేశం.

ఈ పనుల వల్ల కలిగిన మరొక మేలు ఉంది. సిమెంటు ఇళ్ళ కాలంలో సికర్మి పనికి గిరాకీ తగ్గి, చాలా కుటుంబాల పిల్లలు ఇతర వృత్తులకు మళ్ళారు. పునర్నిర్మాణ కాలంలో వృద్ధ వడ్రంగుల పక్కన కొత్తవారు కూర్చుని, పెద్ద దూలానికి కుసి చెక్కడం నేర్చుకునే అవకాశం కలిగింది. పుస్తకంలో గీసిన బొమ్మ చూసి కుసి కొలత తెలుసుకోవచ్చు. బిగుతు ఎంత ఉండాలో చేతికి తెలియాలి. మరీ వదులైతే కీలు ఊగుతుంది. మరీ బిగిస్తే బెజ్జం అంచు చీలుతుంది. ఆ మధ్య మార్గం పక్కన కూర్చున్నవారికే అబ్బుతుంది.

మనం తీసుకోదగినది

మనలో చాలామందికి కొయ్య కట్టడాలతో నేరుగా పనిలేదు. మనం పనిచేసేది ఉక్కుతో, యంత్రాలతో, విద్యుత్తుతో. అయినా నాలుగో స్తంభం కథలో మన నిత్య విధులకు దగ్గరి సంబంధం ఉంది. నిర్వహణ విభాగంలో ఉన్న సోదరులకు ఇది మరీ బాగా తెలుసు. తుప్పు మీద పూసిన కొత్త రంగు, బోల్టు లేని పునాది మీద వేసిన చక్కని గచ్చు, పరిశీలన జరగకుండానే పరిశీలన పుస్తకంలో పడిన సంతకం ఆ కప్పిన పీఠశిల వంటివే. వాటివల్ల ఆ రోజు ఏమీ కాదు. మరుసటి సంవత్సరమూ ఏమీ కాకపోవచ్చు. ఏ కష్టమూ కలగని ప్రతి రోజూ ఆ లోపం సరైనదేనని మనకు నచ్చజెబుతుంది. పరీక్ష వచ్చేది మనం ఎంచుకున్న రోజున కాదు. ఆ సమయంలో ఆ కప్పు కింద ఎవరుంటారో కూడా మనకు తెలియదు. 2015లో ఉన్నవారు రక్తం ఇవ్వడానికి వచ్చినవారు.

ఇంటి విషయమూ అంతే. మన పెద్దలు వర్షాకాలానికి ముందే ఇల్లు ఎక్కి పెంకులు తిరగవేయించేవారు. గుమ్మాల అడుగు భాగాన్ని తట్టి శబ్దం వినేవారు. గట్టి కొయ్య ఒక తీరుగా, డొల్ల పడిన కొయ్య మరొక తీరుగా మోగుతుంది. ఆ తట్టి చూసే అలవాటును ఇంట్లోని పిల్లలకు కూడా చూపించి, చెవికి ఆ తేడా పట్టుబడేలా చేయడం గొప్ప ఖర్చుతో కూడిన పని కాదు.

ఖాట్మండు వెళ్ళే అవకాశం కలిగినవారు పశుపతినాథుని దర్శనం తరువాత ఒక గంట మరూ కూడలికి కేటాయించగలిగితే మంచిది. కాష్ఠమండపం లోపలికి వెళ్ళి, తలెత్తి చెక్కడాలు చూసిన తరువాత తల వంచి కూడా చూడాలి. నడిమి నాలుగు స్తంభాల దగ్గరా ఆగి, ఒక్కొక్కటీ తన రాతి మీద ఎలా కూర్చున్నదో గమనించాలి. పదమూడు వందల ఏళ్ళ కిందట వేసిన పునాది ఇంకా బరువు మోస్తోంది. దాని పైన నిలిచిన కొయ్య మారుతూ వచ్చింది, ఇకపైనా మారుతుంది. ఆ రెండూ కలిసే చోటును ఏటా వంగి చూసేవారు ఉన్నంతవరకు ఆ మండపం బాటసారులకు నీడనిస్తూనే ఉంటుంది.